వీధి వైపు తలుపు: మా విచారణ హాలు పనుల డైరీ

1వ వారం

తాళం తీయడానికే అరగంట పట్టింది. తుప్పు పట్టిన గడియకు నూనె పోశాను, సుత్తితో తట్టాను, చివరికి బిజాగరీల మరమేకులు విప్పి తలుపు రెక్కనే ఊడదీశాను. లోపల విరిగిన బెంచీలు, ఏ నాటకానికో కట్టి వదిలేసిన తెర, చెదలు తిన్న పాటల పుస్తకాల కట్టలు, రెక్కలు లేని రెండు ఫ్యాన్లు. విచారణ అంటే మా క్యాథలిక్ గుడి, దాని కిందికి వచ్చే కుటుంబాలు. ఆ విచారణ గురువులు, మా ఫాదర్ గారు, గుమ్మంలోనే నిలబడి "ఎన్ని శనివారాల పని బాబూ?" అని అడిగారు. పది అన్నాను. డైరీ ఆ మాటతోనే మొదలైంది కాబట్టి ఇప్పుడు దాన్ని కొట్టివేయలేను.

చేయాలనుకున్నది ఇది. ఆదివారం పూజ తర్వాత గంటసేపు తప్ప వారమంతా మూసి ఉండే ఈ హాలును చుట్టుపక్కల వాళ్ళెవరైనా వచ్చి వాడుకునే కేంద్రంగా మార్చాలి. ఉదయం పెద్దవాళ్ళు, ఆ తర్వాత పసిపిల్లలతో తల్లులు, బడి వదిలాక పిల్లలు, సాయంత్రం చదువుకునేవాళ్ళు, దరఖాస్తు నింపుకోవాలన్నా ఉత్తరం చదివించుకోవాలన్నా సాయం కావలసినవాళ్ళు. డబ్బు విచారణది, చేతులు మావి. నేను కర్మాగారంలో ఫిట్టర్‌ను. వారానికి ఒక్క రోజే నాది. తోడుగా ఒక మేస్త్రి, కరెంటు పని తెలిసిన కుర్రాడు, జమాఖర్చులు రాయడానికి పదవీ విరమణ చేసిన పంతులమ్మ గారు ఉన్నారు.

కొలతలు తీశాం. పొడవు 12 మీటర్లు, వెడల్పు 8, ఎత్తు 4.5. ఒకటే ద్వారం, అది గుడి ఆవరణలోకి తెరుచుకుంటుంది. వీధి వైపు గోడకు పైన గాలి కంతలు తప్ప ఏమీ లేవు. ఆ గోడ మీటరు ఎత్తు దాకా చెమ్మ, తెల్లటి ఉప్పు పొడి, పెచ్చులు.

జాబితా రాశాను: చెమ్మ, ప్రతిధ్వని, మెట్లు, మరుగుదొడ్డి, దీపాలు. తలుపు అన్న మాట అందులో లేదు.

2వ వారం

చెమ్మ గోడ మొదలుపెట్టాం. పాత ఇటుక గోడ, సున్నంతో కట్టినది. తర్వాత ఎవరో బాగుచేద్దామని దాని మీద సిమెంటు పూత వేశారు. అదే కొంప ముంచింది. నేల నుంచి ఇటుకల్లోకి ఎక్కే తేమ సున్నపు పూత ఉన్నంతకాలం మెల్లగా గాలిలోకి ఆరిపోతూ ఉండేది. సిమెంటు ఆ దారి మూసేసింది. తేమ లోపలే చిక్కుకుని, దారి దొరికిన చోటల్లా ఉప్పును వెంటబెట్టుకుని బయటికి తన్నింది. మీద రంగు ఎన్నిసార్లు వేసినా ఏడాది తిరగకుండా పొంగిపోయేదట.

మందు ఒకటే. సిమెంటు మొత్తం గీకి, గోడను ఆరనిచ్చి, మళ్ళీ సున్నంతోనే పూయాలి. గోడ ఎన్నాళ్ళకు ఆరుతుందో గోడే చెప్పాలి. మేస్త్రి ఉలి పెట్టి ఒక్క దెబ్బ కొడితే చాప చుట్టినట్టు పెద్ద పెళ్ళ ఊడివచ్చింది. సాయంత్రానికి మా ఇద్దరి కనుబొమలూ తెల్లబడ్డాయి.

3వ వారం

ఈ వారం ఉలి లేదు, కాగితాలే. ఆర్థిక సంఘం కూర్చుంది. బయటివాళ్ళు ఈ సంఘాన్ని అలంకారం అనుకుంటారు. 1983 నాటి శ్రీసభ (క్యాథలిక్ చర్చి) చట్ట స్మృతిలో 537వ అధికరణం ప్రకారం ప్రతి విచారణకూ ఇది ఉండి తీరాలి. 536వది చెప్పే సలహా సంఘం మాత్రం పీఠాధిపతి (బిషప్) అవసరమని తలిస్తేనే ఉంటుంది, దానిది సలహా మాత్రమే. పంతులమ్మ గారు ఈ అంకెలన్నీ నోటికి చెప్తారు. ఆవిడ దగ్గర రశీదు లేకుండా మేకు కూడా కొనలేం.

ఈ రోజు ఆవిడ ఇంకొకటి బయటికి తీశారు: 1267, మూడో భాగం. విశ్వాసులు ఫలానా పనికని ఇచ్చిన సొమ్మును ఆ పనికే ఖర్చుపెట్టాలి. మా దగ్గరున్న డబ్బులో పెద్ద ముక్క ఒక పెద్దాయన భార్య జ్ఞాపకార్థం ఇచ్చినది. కవరు మీద ఆయన చేతిరాత స్పష్టంగా ఉంది: "గుడి వైపు గుమ్మానికి వీల్‌చెయిర్ ఎక్కే ర్యాంపు కొరకు." అంటే ఆ సొమ్ముతో సున్నం కొనకూడదు, దీపాలు కొనకూడదు. నాకు అప్పుడు చిరాకు వేసిన మాట నిజం. గోడ తడిసి కూలేలా ఉంటే ర్యాంపు ఎక్కి ఎక్కడికి వెళ్తారు అన్నాను. ఆవిడ కళ్ళద్దాల మీదుగా చూసి, "ఇచ్చినాయనను అడుగు. నన్ను కాదు" అన్నారు.

4వ వారం

హాలు సిద్ధమయ్యేలోగా వరండాలో సాయంత్రం రెండు గంటలు తెరిచి చూద్దాం అన్నారు ఫాదర్ గారు. నాలుగు బల్లలు, పత్రికలు, పిల్లలకు చదరంగం. వచ్చినవాళ్ళ లెక్కకు తలుపు దగ్గర ఒక నోటుపుస్తకం కట్టాం. పేరు రాయనక్కర్లేదు, ఒక గీత, పక్కన "మనవాళ్ళు" లేదా "ఇతరులు".

ఆరు రోజులకు 41 గీతలు. ఇతరులు 2. ఆ ఇద్దరిలో ఒకరు దారి అడగడానికి వచ్చారు.

శనివారం నేను ఇసుక జల్లిస్తూ ఉంటే ఒకావిడ మనవడి చెయ్యి పట్టుకుని ఆవరణ గేటు బయట నిలబడి ఉన్నారు. పిల్లవాడు లోపలి చదరంగం బల్ల వైపు లాగుతున్నాడు. రండమ్మా అన్నాను. ఆవిడ గేటు లోపల ఉన్న సిలువ వైపు చూసి, గొంతు తగ్గించి అడిగారు: "లోపలికి వస్తే ప్రార్థనకు కూర్చోవాలా బాబూ?" అక్కర్లేదమ్మా అన్నాను. "అది కాదులే, మళ్ళీ వస్తాం" అని వెళ్ళిపోయారు.

గేటు మీద "అందరికీ స్వాగతం" అని బోర్డు ఉంది. నేనే రాశాను, పెద్ద అక్షరాలతో. ఆవిడ దాన్ని చదివే అడిగారు.

5వ వారం

ఇది వివరంగా రాయాలి.

వీధి గోడకు మిగిలిన సిమెంటు గీకుతున్నాం. గోడ ఒక చివరకు దగ్గరగా, నేల నుంచి మనిషి ఎత్తులో, మేస్త్రి ఉలి చప్పుడు మారింది. అంతవరకూ "టక్ టక్" అంటున్నది "డబ్" అంది. ఆయన ఆగి, అరచేత్తో తట్టి చూసి, "బాబు గారూ, ఇక్కడ కట్టుబడి వేరు" అన్నారు. పక్కలకు గీకాం. ఇటుకలు వరసగా పడుకుని ఉండవలసిన చోట నిలబెట్టి, విసనకర్రలా వంపుగా పేర్చి ఉన్నాయి. ఇటుక కమాను! దాని కింద ఇరువైపులా నిలువునా అతుకు గీత. అతుకు లోపలి ఇటుకల రంగు వేరు, పరిమాణం వేరు, సున్నం బదులు సిమెంటు. మధ్యాహ్నానికి మొత్తం రూపం తేలింది. పూర్తిగా ఒక ద్వారం, 1.2 మీటర్ల వెడల్పు. ఎవరో దాన్ని పూడ్చి, పైన పూత వేసి, మరిచిపోయారు.

సలహా సంఘం పాత మినిట్స్ పుస్తకాల్లో పంతులమ్మ గారు వెతికారు. ఒకే ఒక్క వాక్యం దొరికింది: దొంగతనం జరిగినందున వీధి వైపు ద్వారం మూయించుటకు తీర్మానించడమైనది. ఏం పోయిందో రాయలేదు. అంతకుముందు ఆ ద్వారం ఎవరి కోసం ఉండేదో కూడా రాయలేదు. పూజకు వచ్చేవాళ్ళలో బాగా వయసు పైబడిన ఒకావిడను అడిగితే, "రాత్రి బడికి వచ్చేవాళ్ళు అటునుంచే వచ్చేవాళ్ళు. పని దిగి నేరుగా వచ్చేవాళ్ళు కదా" అన్నారు.

నేను ఆ కమాను కింద చాలాసేపు నిలబడ్డాను. నిజం చెప్పాలంటే మొదట తట్టింది ఆ మనవడి సంగతి కాదు, అగ్ని ప్రమాదం సంగతి. హాలు నేల 96 చదరపు మీటర్లు. కుర్చీలు మాత్రమే వేస్తే మనిషికి సుమారు 0.65 చదరపు మీటరు లెక్క వేస్తారు, బల్లలు కూడా ఉంటే 1.4. అంటే సభ జరిగితే 140 మంది పైగా, తరగతులు జరిగితే 68 మంది. అంతమందికి ఒకటే ద్వారం! ఒకదానికొకటి దూరంగా రెండు ద్వారాలు ఉండాలన్నది ఏ కర్మాగారంలోనైనా మొదటి రోజే నేర్పే పాఠం. ముప్పై ఏళ్ళుగా యంత్రాల మధ్య తిరిగేవాణ్ణి, ఇక్కడ అది చూడలేదు. గుడి అనేసరికి కళ్ళు మూసుకుపోయాయి కాబోలు.

6వ వారం

సలహా సంఘంలో గొడవ. మంచి గొడవే.

ఒక వర్గం మాట ఇది: కేంద్రం పెట్టింది విచారణ, ఖర్చు విచారణది, వచ్చేవాళ్ళు గుడి ముందు నుంచే రావాలి, వస్తే తప్పేమిటి? రెండో వర్గం: తప్పేమీ లేదు, కానీ రావడం లేదు కదా. నోటుపుస్తకం బల్ల మీద పెట్టాను.

ఫాదర్ గారు అప్పుడు లండన్ సంగతి చెప్పారు. ఈ ఆలోచన మనతో పుట్టింది కాదన్నారు. తూర్పు లండన్‌లోని వైట్‌చాపెల్‌లో సెయింట్ జూడ్స్ విచారణ గురువు శామ్యూల్ బార్నెట్, ఆయన భార్య హెన్రియెట్టా కలిసి 1884లో టాయిన్‌బీ హాల్ స్థాపించారు. విశ్వవిద్యాలయాల్లో చదివిన యువకులు బీదల పేటలోనే కాపురముండి అక్కడివాళ్ళతో కలిసి పనిచేయాలన్నది ఉద్దేశం. మతబోధ షరతు లేదు. అదే ఏడాది పక్కనే బెత్నల్ గ్రీన్‌లో ఆక్స్‌ఫర్డ్ హౌస్ మొదలైంది. అది మాత్రం తమ ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి) విశ్వాసాన్ని ముందుంచుకున్న సంస్థ. ఒకే ఊరు, ఒకే సంవత్సరం, రెండు రకాల గుమ్మాలు. టాయిన్‌బీ హాల్‌లో 1898 నుంచి ఉచిత న్యాయ సలహా దొరికేది. దాన్ని చూసి వెళ్ళిన జేన్ ఆడమ్స్, తన స్నేహితురాలు ఎలెన్ గేట్స్ స్టార్‌తో కలిసి 1889లో షికాగోలో హల్ హౌస్ తెరిచారు. పసిపిల్లల బడి దగ్గర నుంచి పెద్దల రాత్రి తరగతుల దాకా అక్కడ నడిచాయి. ఆవిడకు 1931లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

"అయితే మనం ఏ రకం ఫాదర్ గారూ?" అని ఎవరో అడిగారు.

"రెండు తలుపులున్న రకం" అన్నారాయన. నవ్వులు. తర్వాత చేతులెత్తి లెక్కపెట్టుకున్నారు. వీధి తలుపు తెరవాలన్న వాళ్ళు తొమ్మిది మంది, వద్దన్న వాళ్ళు నలుగురు. సలహాయే అయినా ఫాదర్ గారు దాన్నే పాటిస్తామన్నారు. వద్దన్న నలుగురిలో ఒకరు తర్వాత నా దగ్గరికి వచ్చి, తలుపుకు తాళం తానే ఇప్పిస్తానన్నారు. గట్టి తాళమట. మళ్ళీ దొంగలు పడకూడదు కదా!

7వ వారం

ఇప్పుడు ర్యాంపు పేచీ. వీధి తలుపు తెరిచాక ర్యాంపు గుడి వైపు కట్టి ఏం లాభం? నడవలేనివాళ్ళు రిక్షానో కారో దిగేది వీధిలో. రెండు కట్టే డబ్బు లేదు. గుడి వైపు మూడు మెట్లు, 45 సెంటీమీటర్లు. వీధి వైపు నేల పల్లం, 60. కవరు మీద మాత్రం గుడి వైపు అని ఉంది.

పెద్దాయన ఇంటికి వెళ్ళాను. వరండాలో మడతపెట్టిన వీల్‌చెయిర్ గోడకు ఆనించి ఉంది, దాని మీద దుప్పటి కప్పి ఉంది. సంగతంతా చెప్పాను. ఆయన వెంటనే ఏమీ అనలేదు. గోడ మీది గడియారం వైపు చూస్తూ కూర్చున్నారు.

"గుడి వైపు అని ఎందుకు రాశానంటే," అన్నారు కొంతసేపటికి, "ప్రతి ఆదివారం ఆవిణ్ణి ఇద్దరు కుర్రాళ్ళు కుర్చీతో సహా ఎత్తి మెట్లు దాటించేవాళ్ళు. ఆవిడకు సిగ్గు. అందరూ చూస్తారని కళ్ళు మూసుకునేది."

నేను ఏమీ అనలేకపోయాను.

"ఆ వీధి వైపు ఎంత ఎత్తు అన్నావు?"

"అరవై సెంటీమీటర్లు బాబాయి గారూ."

"అంటే ఎత్తాల్సింది అటే ఎక్కువ." లేచి లోపలికి వెళ్ళి కాగితం తెచ్చారు. "గుడి వైపు" అన్న మాటకు బదులు "వీధి వైపు" అని మళ్ళీ మొత్తం రాసి, సంతకం చేసి, తేదీ వేసి ఇచ్చారు. పంతులమ్మ గారు దాన్ని రెండుసార్లు చదివి ఫైలులో పెట్టుకున్నారు.

9వ వారం

(8వ వారం వాన. పని లేదు.)

పూడిక ఇటుకలు తీశాం. ముందు కమాను కింద రెండు వైపులా దూలాలు ఊతంగా పెట్టి, పైబరువు కమానే మోస్తోందని చూసుకుని, పై వరస నుంచి కిందికి ఒక్కొక్క ఇటుకే ఊడదీశాం. కింద నుంచి కొట్టి లాగితే తొందరగా అవుతుంది, మీద పడితే ఇంకా తొందరగా అవుతుంది అన్నారు మేస్త్రి. నాలుగో వరస తీసేసరికి వీధి వెలుతురు చారలా లోపలికి వచ్చి ఎదుటి గోడ మీద పడింది. దాని దారిలో దుమ్ము కనిపించింది. వీధిలో పోతున్న ఒక కుర్రాడు ఆ సందులోంచి మొహం పెట్టి, "లోపల ఏముంది?" అని అడిగాడు. పనిలో ఉన్నాం పో అన్నాను. అనకుండా ఉండవలసింది.

కొత్త ద్వారబంధం: రెక్క పూర్తిగా తెరిస్తే మధ్యలో ఖాళీ 95 సెంటీమీటర్లు. వీల్‌చెయిర్‌కు 90 చాలు, కానీ చేతులకు ఇరువైపులా వేళ్ళు నలగని చోటు కూడా కావాలి. రెక్క బయటికి తెరుచుకుంటుంది. పిడి గుండ్రటిది కాదు, కిందికి నొక్కే కమ్మీ. కీళ్ళ నొప్పులున్నవాళ్ళు గుండ్రటి పిడిని తిప్పలేరు, చేతుల్లో బిడ్డ ఉన్న తల్లి మోచేత్తో నొక్కి తెరుచుకోవచ్చు.

11వ వారం

నా తప్పు. దాచి లాభం లేదు, వీధిలో అందరూ చూశారు.

ర్యాంపు లెక్క పసిపిల్లలది. ఒక మీటరు ఎత్తుకు పన్నెండు మీటర్ల పొడవు. 60 సెంటీమీటర్ల ఎత్తు అంటే వాలు 7.2 మీటర్లు. పైన తలుపు ముందు 1.5 మీటర్ల చదును, కింద అంతే. మొత్తం 10.2. గోడ పొడవు 12, గోడ వెంబడి సరిగ్గా సరిపోతుంది. నేను బొమ్మ గీసి, దాని కింద పెద్దగా "7.2" అని రాసి మేస్త్రికి ఇచ్చాను. ఏది 7.2 అన్నది రాయలేదు. ఆ వారం కర్మాగారంలో రెండు షిఫ్టులు పడి రాలేకపోయాను. మేస్త్రి 7.2 మొత్తం అనుకుని, పైనా కిందా 1.2 చొప్పున చదును వదిలి, మిగిలిన 4.8 మీటర్లలో వాలు కట్టేశారు. అంటే పన్నెండుకు ఒకటి కాదు, ఎనిమిదికి ఒకటి.

కంటికి బాగానే ఉంది, నున్నగా, ముచ్చటగా. నేను రసమట్టం పెట్టి చూశాను, బుడగ ఒక మూలకు పారిపోయింది. అప్పటికీ మనసొప్పక, పెద్దాయన ఇంటి నుంచి వీల్‌చెయిర్ తెప్పించి నేనే కూర్చున్నాను. చక్రాలు తిప్పుకుంటూ ఎక్కుదామని చూశాను. ఇనుము మోసే చేతులివి. మూడో వంతు దాకా వెళ్ళేసరికి భుజాలు లాగేశాయి, చక్రం మీద నుంచి చెయ్యి తీసి మళ్ళీ పట్టుకునే ఆ క్షణంలో కుర్చీ వెనక్కి జారింది. ముందు చక్రాలు లేచాయి. కరెంటు కుర్రాడు వెనక నుంచి పట్టుకోకపోతే వీధిలో పడేవాణ్ణి.

మేస్త్రి ఒక్క మాట అనలేదు. పలుగు తీసుకుని పగలగొట్టడం మొదలుపెట్టారు. నేనూ ఇంకో పలుగు తీసుకున్నాను. సగం పగిలాక ఆయనే, "బాబు గారూ, ఈసారి నేల మీద ముగ్గుతో గీయండి. కాగితం వద్దు" అన్నారు. గీశాను. 7.2కు ఒక చివర గీత, ఇంకో చివర గీత, మధ్యలో "వాలు మాత్రమే" అని అడుగు పొడవున్న అక్షరాలు.

వృథా అయిన సిమెంటు, ఇసుక ఖర్చు పెద్దాయన సొమ్ములోంచి తీయనివ్వలేదు పంతులమ్మ గారు. అది ర్యాంపు కోసం ఇచ్చినది, తప్పు కోసం కాదు అన్నారు. నేనే కట్టాను.

12, 13 వారాలు

ర్యాంపు మళ్ళీ కట్టాం. బయటి అంచుకు చక్రం జారిపోకుండా పది సెంటీమీటర్ల కట్ట. పైభాగం నున్నగా పామకుండా, పచ్చిగా ఉండగానే చీపురుతో అడ్డంగా గీతలు తీశాం. ఇరువైపులా 90 సెంటీమీటర్ల ఎత్తున పట్టుకమ్మీ, వాలు అయిపోయాక కూడా 30 సెంటీమీటర్లు ముందుకు సాగేలా. కళ్ళు సరిగా ఆననివాళ్ళకు కమ్మీ ఆగిందంటే వాలు ఆగిందని చేతికి తెలియాలి, కాలికి తెలిసేలోపే.

14వ వారం

లోపలి పని. సున్నం పూత సగం అయింది. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటూ మళ్ళీ రాయిగా మారుతుంది కాబట్టి తొందరపెడితే పగుళ్ళు వస్తాయి. తడి గోనెపట్టాలు కట్టి వదిలేశాం.

ఈలోగా ప్రతిధ్వని సంగతి. ఖాళీ హాలులో బెలూన్ పగలగొట్టి, ఫోనులో చప్పుడు రికార్డు చేసి, అది ఎంతసేపటికి అణగారుతుందో చూశాను. దాదాపు నాలుగు సెకన్లు! అంటే మనిషి ఒక వాక్యం పూర్తిచేసేసరికి దాని మొదటి మాట ఇంకా గాల్లోనే తిరుగుతూ ఉంటుంది. పాటకు అందంగానే ఉంటుంది, మాటకు నరకం. పదిమంది పిల్లలు మాట్లాడితే వంద మంది అనిపిస్తుంది. చెవి సరిగా వినబడని పెద్దవాళ్ళు ఇలాంటి చోట మౌనంగా తల ఊపి, మళ్ళీ రారు.

దీనికి లెక్క చెప్పినది హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం బోధించే వాలెస్ సబైన్. 1895లో అక్కడి ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరంలో మాట అర్థం కావడం లేదని ఆయనను బాగుచేయమన్నారు. అందులో ఒక చప్పుడు అయిదున్నర సెకన్ల పాటు మోగేది. ఆయన రాత్రిళ్ళు పక్కనున్న సాండర్స్ థియేటర్ నుంచి సీట్ల మెత్తలు మోయించి తెచ్చి, కొన్ని కొన్ని పరిచి, ప్రతిసారీ ఎంత తగ్గిందో కొలిచేవాడు. తెల్లవారేలోపు మళ్ళీ మోసి పెట్టేవాడు. చివరికి తేలిన సూత్రం చిన్నది: గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలో చప్పుడును పీల్చుకునే వైశాల్యంతో భాగించాలి.

మా హాలు 432 ఘనపు మీటర్లు. గుణిస్తే సుమారు 70. నాలుగు సెకన్లు మోగుతోందంటే పీల్చే వైశాల్యం 17 చదరపు మీటర్లే. ఒక సెకనుకు దించాలంటే 70 కావాలి. అంటే ఇంకో 52 చేర్చాలి. రాతినూలు (రాక్‌వూల్) పలకలు తమ మీద పడిన చప్పుడులో దాదాపు పదింట ఎనిమిది వంతులు మింగేస్తాయి, కాబట్టి 65 చదరపు మీటర్ల పలకలు. సగం కంటే ఎక్కువ కప్పు.

ఆ రాత్రి మెత్తలు మోసినాయనను తలుచుకుని పలకలు మేమే చేసుకున్నాం. 120 సెంటీమీటర్లు పొడవు, 60 వెడల్పు చెక్క చట్రం, అయిదు సెంటీమీటర్ల మందం రాతినూలు, పైన త్వరగా నిప్పంటుకోని గుడ్డ. మొత్తం 90 పలకలు. రాతినూలు ఒంటికి తగిలితే దురద ప్రాణం తీస్తుంది. ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు, మెడ దాకా గుండీలు. పసిపిల్లల తల్లులు గుడ్డ కుట్టారు. మొదటి 40 బిగించి బెలూన్ పగలగొడితే 1.8 సెకన్లు. కాగితం మీది లెక్క 1.7 అంది. సూత్రం ఇంత దగ్గరగా వస్తుందని నేను అనుకోలేదు, ఆ రోజు ఇంటికి వెళ్ళి అందరికీ చెప్పాను, ఎవరికీ పట్టలేదు.

16వ వారం

మరుగుదొడ్డి. తలుపు లోపలికి తెరుచుకునేది. తిప్పి బయటికి పెట్టాం. లోపల ఎవరైనా తలుపుకు అడ్డంగా పడిపోతే లోపలికి తోసే తలుపు తెరుచుకోదు. సాయం కోసం లాగే తాడు నేలకు జానెడు ఎత్తు దాకా వేలాడాలి, పడిపోయినవాళ్ళ చెయ్యి అక్కడే ఉంటుంది. శుభ్రం చేసేవాళ్ళు తడుస్తోందని అప్పుడే రెండుసార్లు పైకి ముడివేశారు. రెండుసార్లూ విప్పాను. పట్టుకమ్మీని మొదట పూతలోకి బిగించి, నా బరువంతా వేసి వేలాడి చూశాను. పెచ్చుతో సహా ఊడివచ్చింది. ఇటుకలోకి దిగేలా పొడవాటి మేకులతో మళ్ళీ.

పిల్లల గది తలుపుకు అద్దం. మూసిన గదిలో ఒక పెద్దమనిషి, ఒక పిల్లవాడు మాత్రమే ఎప్పుడూ ఉండకూడదన్నది విచారణ పెట్టుకున్న నియమం. నియమం గోడ మీద అంటిస్తే చాలదని తలుపులో నిలువుగా కోత కోసి అద్దం పెట్టాను. పెద్దవాళ్ళు నిలబడి లోపలికి చూడాలి, చిన్నవాళ్ళు బయట అమ్మ ఉందో లేదో చూసుకోవాలి కాబట్టి మోకాలి ఎత్తు నుంచి తల ఎత్తు దాకా.

దీపాలు క్లుప్తంగా: అరవై ఏళ్ళ కంటిలోపలికి చేరే వెలుతురు ఇరవై ఏళ్ళ కంటికి చేరేదానిలో మూడో వంతు మాత్రమే. చదువుకునే బల్లల మీద 500 లక్స్ (వెలుతురు కొలత) వచ్చేలా, కళ్ళలో గుచ్చుకోకుండా పలకల మధ్య దాచి పెట్టాం.

17వ వారం

వినికిడి యంత్రాలున్నవాళ్ళ కోసం హాలు చుట్టూ నేల అంచున రాగి తీగ తిప్పాం. మైకులో మాట్లాడిన మాట ఆ తీగలో విద్యుత్తుగా తిరుగుతుంది, యంత్రాన్ని "టి" గుర్తుకు మారిస్తే చుట్టుపక్కల గోల లేకుండా మాట ఒక్కటే చెవిలో పడుతుంది. పాత పాటల బృందంలో ఉన్న ఒకావిడను కూర్చోబెట్టి పరీక్షించాం. "వినబడుతోందా అమ్మా?" "వినబడుతోంది నాయనా. తుమ్మెద కూడా వినబడుతోంది." దీపాల కరెంటు తీగ రెండు మీటర్ల పొడవున మా తీగ పక్కనే పోతోంది, ఆ రొద. కుర్రాడు తలపట్టుకున్నాడు. పక్కకు మార్చి మళ్ళీ కూర్చోబెడితే తుమ్మెద పోయిందన్నారు, కొంచెం నిరాశగా.

ఇంకో గొడవ కుర్చీలది. చేతులున్న కుర్చీలు పెద్దవాళ్ళకు కావాలి, ఊతం లేకుండా లేవలేరు. చేతులున్నవి ఒకదాని మీద ఒకటి పేర్చడం కష్టం. పేర్చకపోతే పిల్లలకు ఆడే చోటు లేదు. 45 సెంటీమీటర్ల ఎత్తు, చేతులుండీ పేర్చుకోగలిగినవి ఉన్నాయి. తెచ్చాం. వాటిని పెట్టే గది కోసం నాలుగు బృందాలు పోట్లాడుతున్నాయి. నన్నడిగితే, హాలును ఇంకో మీటరు చిన్నది చేసి సామాన్ల గదిని పెద్దది చేసి ఉండాల్సింది. ఎవరూ అడగలేదు.

18వ వారం

వీధి తలుపు తెరిచాం. ఆర్భాటం ఏమీ లేదు. ఫాదర్ గారు తాళం తీసి, గడియకు నూనె పెట్టి, వచ్చిన ఖర్చుల జాబితాను తలుపు పక్కన అంటించారు. ఇచ్చినవాళ్ళకు లెక్క చెప్పాలన్నది కూడా చట్టమేనని పంతులమ్మ గారి పట్టు: 1287.

19వ వారం

నోటుపుస్తకం ఇప్పుడు వీధి తలుపు దగ్గర ఉంది. ఆరు రోజులకు 136 గీతలు. "మనవాళ్ళు", "ఇతరులు" అన్న రెండు గడులు తీసేయమన్నారు ఫాదర్ గారు. లెక్క కోసం ఉండనివ్వండి అన్నాను. ఒక వారం ఉంచి తీసేద్దామన్నారు. ఆ వారంలో ఇతరులు 79.

చదరంగం కోసం లాగిన ఆ పిల్లవాడు వచ్చాడు. మామ్మగారు లోపలికి రాలేదు. ర్యాంపు పైన చదును మీద, తలుపు దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. లోపల కూర్చోండమ్మా అంటే, "ఇక్కడ గాలి బాగుంది బాబూ" అన్నారు. అలాగే అన్నాను. ఆ చదును ఒకటిన్నర మీటరే కదా, కుర్చీ ఉంటే వీల్‌చెయిర్ తిరగదు. చూడాలి, గోడకు మడిచే చిన్న బల్లలాంటిది ఏదైనా బిగించాలి.

ఇంకో సంగతి. పిల్లలు ర్యాంపును ఎక్కడానికి కాదు, దిగడానికి వాడుతున్నారు, పట్టుకమ్మీ పట్టుకుని జారుకుంటూ. కమ్మీ చిన్న చేతులకు ఎత్తుగా ఉంది. కింద 65 సెంటీమీటర్ల ఎత్తున ఇంకొకటి వేయాలి. పైదాని కింది చివర గొట్టం కోసిన అంచు మూత లేకుండా పదునుగా వదిలేశాం. ఈ రోజు ఒకడి వేలు గీరుకుంది. రేపు పూజ అయ్యాక ఆకురాయి తీసుకుని రావాలి.